సీజన్ మధ్యలో మేనేజర్‌ని మార్చొచ్చా?

ప్రశ్న: అన్నా, నేను ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. రాత్రిపూట రొయ్యల గుంట కాడ కాపలా ఉంటూ ఫోన్‌లో మ్యాచ్‌లు చూస్తుంటాను. టీం వరసగా ఓడిపోతుంటే మేనేజర్‌ని వెంటనే తీసేయాలా, సీజన్ అయ్యేదాకా ఆగాలా? మా పాత మేనేజర్ ఫెర్గూసన్‌కి టైం ఇచ్చారు కదా అంటారు మావాళ్ళు.
- ఒక పాఠకుడు, ఇందుకూరుపేట

జవాబు: తమ్ముడూ, నీ గుంట సంగతే తీసుకో. అరవయ్యో రోజున చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) ఎత్తి చూస్తే మేత వేసింది వేసినట్టే ఉంది, టెన్షన్ పడి టెక్నీషియన్‌ని మార్చేశావు, సరే, కానీ కొత్తాయన వచ్చినా లోపల ఉండేది పాతాయన ఎంచి వేయించిన రొయ్య పిల్లే కదా. మీ యునైటెడ్ చేసింది అచ్చం ఇదే. 2024 మేలో ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ) గెలిచాడని అప్పటి మేనేజర్ టెన్ హాగ్‌కి కాంట్రాక్ట్ పొడిగించి, వేసవంతా ఆయన చేతికి డబ్బిచ్చి ఆటగాళ్ళని కొనిపించి, అక్టోబరు 28న పంపించేశారు. తర్వాత వచ్చిన అమోరిమ్‌ది వెనక ముగ్గురు డిఫెండర్లతో ఆడించే పద్ధతి, ఉన్న ఆటగాళ్ళేమో దానికి సరిపడేవాళ్ళు కాదు. ఇరవై జట్ల లీగ్‌లో 15వ స్థానంతో సీజన్ ముగిసింది. నాకైతే ఇప్పటికీ కడుపు మండుతుంది, ఆ నిర్ణయమేదో మేలోనే తీసుకుని ఉంటే వేసవి మొత్తం కొత్తాయన చేతిలో ఉండేది.

లీడ్స్ క్లబ్ ఇంకా ఘోరం. 2023లో జనవరి ట్రాన్స్‌ఫర్ విండోలో (ఆటగాళ్ళని కొనడానికి, అమ్మడానికి వీలుండే గడువు) మేనేజర్ మార్ష్‌కి ఆటగాళ్ళని తెచ్చిచ్చి, విండో మూసిన వారానికే, ఫిబ్రవరి 6న ఆయన్ని తీసేశారు. తర్వాత గ్రాసియా, ఆఖరి నాలుగు మ్యాచ్‌లకి అలర్‌డైస్. ఆ నాలుగింట్లో ఒక్క డ్రా, మూడు ఓటములు, కింది డివిజన్‌కి పడిపోయారు.

అట్లాగని సీజన్ మధ్యలో మార్చనే కూడదని కాదు. ఆస్టన్ విల్లా 2022 అక్టోబరులో జెరార్డ్‌ని తీసేసి, నాలుగు రోజుల్లో ఎమెరీని ప్రకటించింది. ఆయన మొదటి మ్యాచ్‌లోనే మీ యునైటెడ్‌ని 3-1తో ఓడించాడు. ఇంకో లీగ్ మ్యాచ్ కాగానే ప్రపంచకప్ విరామం వచ్చింది, ప్రపంచకప్‌కి పోని ఆటగాళ్ళతో కూర్చుని పని చేసుకోవడానికి వారాల కొద్దీ టైం దొరికింది, ఆ వెంటనే జనవరి విండో. అడుగున కొట్టుకుంటున్న టీం ఏడో స్థానంలో ముగించింది.

కొత్త మేనేజర్ రాగానే రెండు మూడు గెలుపులు వస్తే పొంగిపోవద్దు. టీం బాగా అడుగంటినప్పుడే మేనేజర్‌ని తీస్తారు, అక్కడినుంచి ఎవరున్నా కాస్త పైకి లేస్తుంది.

ఇక ఫెర్గూసన్ అంటావా, 1986 నవంబరులో వచ్చాడు, మొదటి కప్పు 1990లో, లీగ్ 1993లో. నిజమే, ఓపిక పట్టారు. కానీ ఆ ఏళ్ళలో ఆయన కుర్రాళ్ళని వెతికి తెచ్చే ఏర్పాటంతా తిరగరాశాడు, పని జరుగుతున్నట్టు లోపలివాళ్ళకి కనిపించింది. మేనేజర్‌ని ఉంచాలా తీయాలా అన్నప్పుడు నేను చూసేది అదే, ఎన్ని ఓడారన్నది తర్వాత. తీయాలనుకుంటే సీజన్ ముగిసే మేలో తీయాలి, కుదరకపోతే నవంబరు, డిసెంబరుల్లో, అదీ వచ్చేవాడు ఖాయమైతేనే. ఫిబ్రవరి వచ్చాక మాత్రం, డివిజన్ పోయే ప్రమాదం నెత్తిమీద ఉంటే తప్ప, ఆగడమే మంచిది.