కుక్కపిల్లకి గ్రీకు పేరు వెతుకుతున్న చిన్నాకి

చిన్నా,

ఫోటో చూశాను. నల్లటి ఒళ్లు, ముందుకాళ్లకి తెల్ల సాక్సులు తొడిగినట్టు, ఒక చెవి నిక్కపొడుచుకుని ఒకటి వాలిపోయి, ఎంత ముద్దుగా ఉన్నాడో! వీధిలో తిరిగే పిల్లని ఇంటికి తెచ్చుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఇక పేరు సంగతి. గ్రీకుదో రోమన్‌దో కావాలన్నావు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను, నాలుగు కుక్కల్ని పెంచాను, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా, నీ లిస్టులో ఉన్న సెర్బెరస్, బ్యూసెఫలస్, అపోలోడోరస్ మూడూ కొట్టెయ్.

చదువుకోవడానికి అవి బాగుంటాయి, రోజుకి యాభై సార్లు పిలవడానికి కాదు. నా మొదటి కుక్కకి జూపిటర్ అని పెట్టాను, రోమన్ల దేవతలకి రాజు కదా అని. వారం తిరక్కుండా అమ్మకి అది "జూపూ", పాలబ్బాయికి "జిప్పీ", మీ తాతయ్యకి ఉత్త "ఒరేయ్". నేను డాబా మీంచి జూపిటర్ అని ఎంత పిలిచినా తల ఎత్తేది కాదు, అమ్మ వంటింట్లోంచి జూపూ అందంటే మాత్రం గిన్నె దగ్గరికి ఒక్క దూకు. పాపం మూడు పేర్ల మధ్య చాన్నాళ్లు తికమకపడింది, ఆ తప్పు నాదే. అందుకని ముందు ఇంట్లో అందరి చేతా పిలిపించి చూడు. మీ నానమ్మ నోరు తిరగని పేరు మీ ఇంట్లో నిలవదు.

ఈ కిటుకు ఆ కాలం వాళ్లకీ తెలుసు. సోక్రటీస్ శిష్యుడు జెనొఫోన్ వేటకుక్కల మీద రాస్తూ, పిలవడానికి తేలిగ్గా ఉండేలా పొట్టి పేర్లు పెట్టమని చెప్పి 47 పేర్లు వరసగా ఇచ్చాడు. క్రీ.శ. 1వ శతాబ్దంలో వ్యవసాయం గురించి రాసిన కొలుమెల్లా అనే రోమన్ కూడా అదే అన్నాడు, పేరు పొడుగైతే కుక్క త్వరగా పలకదు, అలాగని రెండు అక్షరాలకి తగ్గకూడదు అని. జెనొఫోన్ పేర్లలో నాకు నచ్చినవి ఫూలాక్స్ అంటే కాపలావాడు, ఆల్కే అంటే ధైర్యం, ఆక్టిస్ అంటే సూర్యకిరణం. ఖరా అని ఇంకోటుంది, సంతోషం అని అర్థం, కానీ మనకి ఖరం అంటే గాడిద, వద్దు. నీరో కూడా వద్దు. ఒకటి, కన్నతల్లినే చంపించిన చక్రవర్తి పేరు అది. రెండు, ఇంట్లో ఎవరు నీరు అన్నా పిల్లాడు లేచి వస్తాడు. రా, పో, వద్దు, నో లాంటి మాటలకి దగ్గరగా వినిపించే పేరేదైనా ఇంతే.

కథ చివరిదాకా చదవకుండా మాత్రం పేరు ఖాయం చెయ్యకు. గ్రీకు కథల్లోని ఆక్టియాన్ అనే వేటగాడి కుక్కల పేర్లు రోమన్ కవి ఓవిడ్ ముప్పైకి పైగా చెప్పాడు, మెలాంపస్, లైలాప్స్ అని వినడానికి భలే ఉంటాయి. దేవత శాపంతో జింకగా మారిన యజమానిని చీల్చి చంపింది ఆ కుక్కలే. తెలిశాక నాకైతే పెట్టబుద్ధి కాలేదు.

పెరిటాస్ బాగుంటుంది. అలెగ్జాండర్ చేతులారా పెంచిన కుక్క, అది పోయాక దాని పేరు మీద ఒక ఊరే కట్టించాడని చెప్పుకుంటారని ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత రాశాడు. పైగా మన పెరడు గుర్తొచ్చే పేరు, నానమ్మకి అలవాటు కావడం తేలిక.

నన్నడిగితే మాత్రం ఆర్గోస్. గ్రీకు కవి హోమర్ కథలో వీరుడు ఒడిస్యూస్ ట్రాయ్ యుద్ధానికి వెళ్లకముందు పెంచిన కుక్క. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన ముష్టివాడి వేషంలో ఇల్లు చేరితే మనుషులెవరూ పోల్చుకోలేదు, వాకిట్లో పేడకుప్ప మీద పడున్న ఈ ముసలి కుక్క పోల్చుకుంది. లేచి దగ్గరికి వెళ్లే ఓపిక లేదు, తోక ఊపి చెవులు వాల్చింది. ఆయన పక్కకి తిరిగి కన్నీళ్లు తుడుచుకుంటాడు, అక్కడే అది కన్నుమూస్తుంది. ఎన్నేళ్లు క్లాసులో చెప్పినా అక్కడికొచ్చేసరికి నా గొంతు పూడుకుపోయేది. ఆ కుక్క ఒళ్లంతా పిడుదులు పట్టి ఉందని కూడా హోమర్ చెప్పాడు, యజమాని లేని ఇంట్లో పనివాళ్లెవరూ పట్టించుకోలేదు కాబట్టి. నీ డ్యూటీ ఉదయం వెళ్తే రాత్రికి గానీ అవదు. ఈ పేరు పెడితే ఇంటికి రాగానే చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో చెయ్యి పెట్టి చూడాలి, ఎంత అలిసిపోయినా సరే. మాట ఇస్తేనే పెట్టు.

ఏ పేరు పెట్టినా మొదటి పది రోజులు అన్నం పెట్టేటప్పుడు, ఆడించేటప్పుడే ఆ పేరు పలుకు, తిట్టేటప్పుడు పలక్కు. పిలవగానే చూశాడా, ఉడికించిన చికెన్ ముక్క ఒకటి నోట్లో పెట్టు. టీకాల కార్డు మీదా అదే పేరు రాయించు, అక్కడొకటి ఇంట్లో ఒకటి వద్దు.

ఆదివారం ఫోన్ చేసి స్పీకర్ పెట్టు. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకో. నేను ఆర్గూ అనీ, పెరీ అనీ పిలుస్తాను, ఆ వాలిపోయిన చెవి దేనికి లేస్తుందో చూసి చెప్పు.

మీ పెద్దమ్మ