అయస్కాంత చక్రంతో బ్యాటరీ చార్జింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సైకిల్ చక్రానికి అయస్కాంతాలు అతికించి, ఒకే కాయిల్‌తో తిప్పుతూ రెండో బ్యాటరీని చార్జ్ చేసే మోటారు తయారు చేయాలనుకుంటున్నాను. ఏ సామాను కావాలి? కాయిల్ ఎలా చుట్టాలి?

జవాబు: అమెరికాకు చెందిన జాన్ బెడిని పేరుతో ప్రచారంలోకి వచ్చిన పల్స్ మోటారు ఇది. ఒక బ్యాటరీ చక్రాన్ని నడుపుతుంది. కాయిల్‌లో కరెంటు తెగిన ప్రతిసారీ పుట్టే ఎదురు వోల్టేజీ రెండో బ్యాటరీలోకి పోతుంది.

చక్రం 20 అంగుళాలది చాలు. ముందు చక్రమే తీసుకోండి, ఫ్రీవీల్ ఉండదు కాబట్టి తేలిగ్గా తిరుగుతుంది. కోన్‌లు (ఇరుసు మీద బేరింగ్‌ను బిగించే నట్లు) కాస్త వదులు చేసి, పాత గ్రీజు కడిగేసి, రెండు చుక్కల పల్చటి నూనె వేయండి. 40×25×10 మిల్లీమీటర్ల ఫెర్రైట్ అయస్కాంతాలు 16 తీసుకుని, 8 సెంటీమీటర్లకొకటి చొప్పున అతికించండి. అన్నిటికీ ఒకే ధ్రువం బయటికి ఉండాలి. అతికించే ముందు ఒక్కొక్కదాన్నీ దిక్సూచితో చూసి, ఆ ముఖం మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఒక్కటి తిరగబడినా ఆ అయస్కాంతం దగ్గర పల్స్ వేరే సమయంలో పడి చక్రం లయ తప్పుతుంది.

జిగురు ఒక్కదాన్నే నమ్మకండి. ఈ అయస్కాంతం ఒక్కొక్కటి 50 గ్రాములు తూగుతుంది. నిమిషానికి 300 చుట్లు తిరిగే చక్రం మీద దాన్ని బయటికి లాగే బలం దాదాపు కిలో బరువుకు సమానం. ఎపాక్సీతో అతికించి, ఒక రోజంతా ఆరనిచ్చి, పైనుంచి చక్రం చుట్టూ నారపోగుల ప్యాకింగ్ టేపు మూడు వరసలు బిగించండి. నియోడిమియం అయస్కాంతాలు వద్దు. అవి కాయిల్ మధ్యలోని ఇనుముకు ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే చక్రం ఒక్కో అయస్కాంతం దగ్గరా ఆగి ఆగి కదులుతుంది.

కాయిల్‌కు ఎనామెల్ రాగి తీగ రెండు రకాలు కావాలి: 0.8 మిల్లీమీటర్లది 40 మీటర్లు (సుమారు 180 గ్రాములు), 0.57 మిల్లీమీటర్లది 40 మీటర్లు (సుమారు 90 గ్రాములు). లావుది కరెంటు నడవడానికి, సన్నది ట్రాన్సిస్టర్‌ను (కాయిల్‌లో కరెంటును తెరిచి మూసే స్విచ్ లాంటి భాగం) తట్టి లేపడానికి. రెండు తీగల్నీ పక్కపక్కన పట్టుకుని, ఒకే దిశలో, కలిపి చుట్టాలి. 20 మిల్లీమీటర్ల లోపలి గొట్టం ఉన్న బాబిన్ (తీగ చుట్టే రీలు) మీద మూడు వందల చుట్లు దాకా వస్తాయి. చుట్టడం పూర్తయ్యాక మీటరుతో చూస్తే లావు తీగ 1.4 ఓమ్‌లు, సన్నది 2.7 ఓమ్‌ల దరిదాపుల్లో ఉండాలి. ఒక తీగకూ రెండోదానికీ మధ్య మీటరు కదిలిందంటే ఎనామెల్ ఎక్కడో గీసుకుపోయింది. విప్పి మళ్లీ చుట్టడం తప్ప వేరే దారి లేదు.

మధ్యలో పెద్ద బోల్టు దూర్చకండి, చాలామంది చేసే తప్పు ఇదే. గట్టి ఇనుప ముక్కలో సుడి కరెంట్లు పుట్టి, అది వేడెక్కి, చక్రానికి బ్రేకులా పనిచేస్తుంది. 1.6 మిల్లీమీటర్ల వెల్డింగ్ తీగను కాయిల్ పొడవుకు ముక్కలు చేసి, వంద పైచిలుకు ముక్కల్ని గొట్టంలో కిక్కిరిసేలా దూర్చండి. ఒక్కో ముక్కకూ పల్చగా వార్నిష్ పూస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: తీగల నాలుగు కొసలు ఎక్కడెక్కడ కలపాలి? గీసిన బొమ్మలు ఒక్కొక్కటీ ఒక్కోలా ఉన్నాయి.

జవాబు: చుట్టడం మొదలుపెట్టిన కొసలకు ఎర్ర దారం కట్టుకోండి, మిగతాదంతా తేలికవుతుంది.

లావు తీగ మొదటి కొస నడిపే బ్యాటరీ ప్లస్‌కు, చివరి కొస 2ఎన్3055 ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు (ట్రాన్సిస్టర్‌కు ఉండే మూడు కొసలు కలెక్టర్, ఎమిటర్, బేస్). ఈ ట్రాన్సిస్టర్‌కు లోహపు ఒళ్లే కలెక్టర్, హీట్ సింక్ (దాని వేడిని లాగే లోహపు పలక) దేనికీ తగలకుండా చూడండి. ఎమిటర్ అదే బ్యాటరీ మైనస్‌కు. సన్న తీగ మొదటి కొస 100 ఓమ్‌ల రెసిస్టర్, దానికి వరసలో 1 కిలో ఓమ్ పాట్ (తిప్పి ఎక్కువ తక్కువ చేసుకునే రెసిస్టర్), వాటి మీదుగా బేస్‌కు. చివరి కొస మైనస్‌కు. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య ఒక 1ఎన్4001 డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) ఉండాలి, గీత ఉన్న వైపు బేస్‌కు. అది లేకపోతే అయస్కాంతం పుట్టించే ఎదురు వోల్టేజీ బేస్ తట్టుకునే 7 వోల్టులు దాటే ప్రమాదం ఉంది.

ఇక చార్జింగ్ వైపు. కలెక్టర్ నుంచి ఒక డయోడ్, గీత ఉన్న వైపు రెండో బ్యాటరీ ప్లస్‌కు. 1ఎన్4007 పనిచేస్తుంది, యూఎఫ్4007 వేగంగా మూసుకుంటుంది కాబట్టి అదే మేలు. ఎక్కువమంది పొరపాటు పడేది రెండో బ్యాటరీ మైనస్ దగ్గర. దాన్ని మొదటి బ్యాటరీ మైనస్‌కు కాదు, ప్లస్‌కు కలపాలి. మైనస్‌కు కలిపితే చక్రం ఆగి ఉన్నా సరే, మొదటి బ్యాటరీ కాయిల్, డయోడ్‌ల మీదుగా తనకన్నా తక్కువ వోల్టేజీలో ఉన్న రెండోదాన్ని నేరుగా నింపేస్తుంది. మోటారు చార్జ్ చేస్తోందని మీరు అనుకుంటారు.

నడిపే బ్యాటరీ ప్లస్ దగ్గర 2 ఆంపియర్ల ఫ్యూజు మర్చిపోవద్దు.

ప్రశ్న: చేత్తో తిప్పి వదిలితే చక్రం నడుస్తోంది కానీ ట్రాన్సిస్టర్ కాలిపోతోంది. ఒకసారి చక్రం ఆగిపోయినా కాయిల్ నుంచి సన్నటి కూత వచ్చింది.

జవాబు: ఆ కూతే అసలు సంగతి చెబుతోంది. ఒకే చోట చుట్టిన రెండు తీగలు ట్రాన్సిస్టర్‌తో కలిసి, అయస్కాంతం అవసరం లేకుండానే తమంతట తాము ఊగిసలాడుతున్నాయి. వెంటనే బ్యాటరీ తీసేయండి. బేస్ రెసిస్టెన్స్ మరీ తక్కువైనప్పుడు ఇలా జరుగుతుంది.

పాట్‌ను పూర్తిగా ఎక్కువ వైపు పెట్టి మొదలుపెట్టండి. కాయిల్‌కూ అయస్కాంతానికీ మధ్య 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. నడిపే బ్యాటరీ వైపు అమ్మీటరు పెట్టి, చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి, పాట్‌ను నెమ్మదిగా తగ్గించుకుంటూ రండి. కొంతవరకు వేగమూ కరెంటూ కలిసి పెరుగుతాయి. ఆ తర్వాత వేగం అక్కడే ఉండి కరెంటు ఒక్కటే పెరగడం మొదలవుతుంది. అక్కడి నుంచి ఒక పిసరు వెనక్కి తిప్పి ఆపండి. అర ఆంపియర్ లోపు ఉంటే మంచిది.

చార్జింగ్ బ్యాటరీని తీసేసి చక్రం నడిపారేమో కూడా గుర్తు చేసుకోండి. ఎదురు వోల్టేజీకి పోయే దారి లేకపోతే అది వందల వోల్టులకు ఎగబాకుతుంది. కలెక్టర్, ఎమిటర్ మధ్య చిన్న నియాన్ బల్బు పెట్టేది ఇందుకే. అది వెలిగిందంటే చార్జింగ్ వైపు వైరు ఎక్కడో ఊడింది. అయితే నియాన్ వెలిగేది 70 నుంచి 90 వోల్టుల దగ్గర. 2ఎన్3055 కలెక్టర్, ఎమిటర్ల మధ్య పరిమితి 60. అంటే బల్బు మీకు హెచ్చరికే తప్ప ట్రాన్సిస్టర్‌కు పూర్తి రక్షణ కాదు. 250 వోల్టులు తట్టుకునే ఎంజేఎల్21194 ట్రాన్సిస్టర్ వేస్తే ఈ బాధ బాగా తగ్గుతుంది.

ప్రశ్న: రెండు గంటలు నడిపాక రెండో బ్యాటరీ 12.9 వోల్టులు చూపించింది. ఇక రెండింటినీ అటూ ఇటూ మార్చుకుంటూ పోతే ఎప్పటికీ కరెంటు వస్తుంది కదా?

జవాబు: రాదు. మీ శ్రమ ఈ ఒక్క చోట దారి తప్పకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాం.

వోల్టేజీ వేరు, నిండిన చార్జ్ వేరు. ముళ్లలాంటి పల్సులు పడిన వెంటనే పలకల పైపొరలో మాత్రమే చార్జ్ పేరుకుని వోల్టేజీ పైకి కనిపిస్తుంది. బ్యాటరీని 12 గంటలు ఊరికే వదిలి మళ్లీ చూడండి, నిజం బయటపడుతుంది. నడిపిన బ్యాటరీ కూడా లోడు తీయగానే కాస్త లేస్తుంది, అది తిరిగి నిండడం కాదు. పైగా మామూలు మల్టీమీటర్లు ఇలాంటి పల్సుల కరెంటును సరిగా చూపలేవు.

కాబట్టి మీటరును కాక బల్బును అడగండి. ఒకే రకం 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు తీసుకుని, రెండింటినీ మామూలు చార్జర్‌తో నింపండి. రెండోదానికి 5 వాట్ల బల్బు పెట్టి, వెలుగుతుండగా 11 వోల్టులకు దిగేదాకా ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఇప్పుడు మొదటిదానితో చక్రం నడిపి రెండోదాన్ని చార్జ్ చేయండి. మొదటిది నడుస్తుండగా 11 వోల్టులకు దిగాక ఆపి, రెండోదాన్ని ఒక రాత్రి వదిలి, అదే బల్బుతో మళ్లీ గంటలు లెక్కపెట్టండి. మొదటి లెక్క కన్నా ఇది ఎప్పుడూ తక్కువే వస్తుంది.

తీగ వేడి, ట్రాన్సిస్టర్ వేడి, బేరింగ్ రాపిడి, గాలి ఇవన్నీ మొదటి బ్యాటరీ నుంచే తింటాయి. ఇవేవీ లేవనుకున్నా, లెడ్ యాసిడ్ బ్యాటరీలో పోసిన శక్తిలో తిరిగి వచ్చేది 70 నుంచి 85 శాతమే. 80 శాతం అనుకుంటే, మూడుసార్లు మార్చేసరికి 100 కాస్తా 51కి దిగుతుంది.

ప్రశ్న: అయితే బ్యాటరీయే లేకుండా, అయస్కాంతాల బలంతోనే తిరిగే మోటారు?

జవాబు: దగ్గరికి వచ్చేటప్పుడు అయస్కాంతం ఇచ్చిన లాగుడునంతా దూరం పోయేటప్పుడు తిరిగి వసూలు చేసుకుంటుంది. చుట్టు తిరిగేసరికి లెక్క సున్నా, రాపిడి అదనపు నష్టం. నిత్యచలన యంత్రాల ప్రతిపాదనలు ఇక పరిశీలించబోమని పారిస్ సైన్స్ అకాడమీ 1775లోనే ప్రకటించింది.

ప్రశ్న: చచ్చిన పాత బ్యాటరీలు దీనితో బతుకుతాయా? ఫోను బ్యాటరీలు చార్జ్ చేయవచ్చా?

జవాబు: ఎక్కువకాలం చార్జ్ లేకుండా పడి ఉండి, పలకల మీద సల్ఫేటు పేరుకున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఈ పల్సులకు కొంత కోలుకునే అవకాశం ఉంది. ప్రయత్నించే ముందు ఒక పరీక్ష చేయండి: మామూలు చార్జర్ పెట్టి తీశాక కూడా 10.5 వోల్టుల దగ్గరే ఆగిందంటే బ్యాటరీలోని ఒక గది (సెల్) లోపల షార్ట్ అయింది. పలకల పొడి రాలి అడుగున చేరిన బ్యాటరీకి కూడా పల్సులతో ప్రయోజనం లేదు, వాటిపై రోజులు వృథా చేయకండి. సీల్డ్ బ్యాటరీని 14.4 వోల్టులు దాటనివ్వకండి. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోటే పెట్టండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీలు మాత్రం దీనికి కలపనే కలపవద్దు. వాటిని కాపాడే సర్క్యూట్‌లోని మాస్‌ఫెట్లను (స్విచ్‌లా పనిచేసే ఒక రకం ట్రాన్సిస్టర్లు) ఈ వోల్టేజీ ముళ్లు దెబ్బతీయగలవు. ఆ రక్షణ పోయిన సెల్ మోతాదు మించి చార్జ్ అయితే మంటలు లేస్తాయి.