చిమ్మటల క్యాంపు పెట్టే అమ్మాయికి

అమ్మాయీ,

పెదనాన్న ఆశీస్సులు. చెన్నూరులో మీ బడి పిల్లలకు చిమ్మటల (రాత్రిపూట దీపానికి వచ్చే, సీతాకోకచిలుకల్లాంటి పురుగుల) క్యాంపు పెడుతున్నావని విన్నప్పటి నుంచి ఎంత సంబరంగా ఉందో! జూలై చివరి వారం మంచి ఆలోచన. 2012 నుంచి చాలా దేశాల్లో చిమ్మటల వారం జరుపుకునేది అప్పుడే. మనకూ వానలు పడి చెట్లు చిగురేసే రోజులు. వీలైతే అమావాస్య దగ్గరి రాత్రి చూసుకో, వెన్నెల్లో దీపానికి పురుగులు తక్కువ వస్తాయి.

రెండు గుంజలకు తెల్ల పంచె బిగించి కట్టి, దగ్గర దీపం పెడితే చాలు, పురుగులు వచ్చి దానిమీద వాలతాయి. మామూలు ఎల్ఈడీ బల్బుకు పెద్దగా రావు, యూవీ (అతినీలలోహిత కాంతి) ట్యూబ్ తెచ్చుకో. పిల్లలు ఆ ట్యూబ్ వైపు నేరుగా చూడకుండా కనిపెట్టుకో. వెంట్రుకల గొంగళిని వట్టి చేత్తో పట్టుకోనివ్వకు.

ఎన్ని రకాలొచ్చాయో లెక్కపెట్టే పోటీ మాత్రం పెట్టకు. పరిగెత్తుతారు గానీ చూడరు. ఒక్కొక్కరికి ఒక్క చిమ్మటను అప్పగించి, పావుగంట కూర్చోబెట్టి బొమ్మ గీయించు. మీసాలు దువ్వెనలా ఉన్నాయా, దారంలానా? రెక్కలు పరిచిందా, ఇంటికప్పులా మడిచిందా? పేరు తర్వాత వెతుక్కోవచ్చు.

మీ దగ్గర మద్దిచెట్ల మీద దసలి పట్టు పెంచే రైతులున్నారుగా, ఒకరిని పిలువు. పట్టుకాయలోంచి (పురుగు తన చుట్టూ అల్లుకున్న గూట్లోంచి) చిమ్మట ఏ రోజుల్లో వస్తుందో ఆయన్నే అడుగు. గట్టి కాయ కాడ దగ్గర తడిసి మెత్తబడుతుంది. అక్కణ్నుంచి తల, వెనకే నలిగిన గుడ్డలాంటి రెక్కలు. కాయకే వేలాడుతుంటే అవి మెల్లగా విచ్చుకుంటాయి. ఒక్కో రెక్క మీద గుండ్రటి అద్దంబిళ్ల, అందులోంచి వెలుతురు కనిపిస్తుంది. ఇక ఏమీ తినదని, కొద్ది రోజులే బతుకుతుందని అప్పుడు చెప్పు.

పత్తి రైతుల పిల్లలు పత్తికాయల్ని తొలిచే గులాబీ రంగు పురుగు సంగతి తీస్తారు, అదీ ఒక చిమ్మట గొంగళే. ఆ బాధ నిజమే, కొట్టిపారేయకు. లింగాకర్షక బుట్ట తెచ్చి, ఆడదాని వాసనకు మగ చిమ్మటలు ఎలా వస్తాయో చూపించు.

నా మొదటి క్యాంపులో లైటు తెల్లవార్లూ వదిలేశాను. పొద్దున గోరింకలు పంచె మీది పురుగుల్ని ఏరుకు తింటున్నాయి. ముందు రాత్రి ఒక పాప గీసుకున్న ఆకుపచ్చ చిమ్మటది ఒక్క రెక్కే కింద మిగిలింది. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు. నువ్వు పదింటికే లైటు తీసేయ్. పంచెను పొదల దగ్గర మెల్లగా దులపడం పిల్లల చేతే చేయించు.

మీ పెదనాన్న