ఎర్త్ చేసినప్పుడు కదిలేది ఏది?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

వచ్చే వారం స్థిర విద్యుత్తు పాఠం మొదలుపెడుతున్నానని రాశావు. అందులో ఒక్క మాట దగ్గర జాగ్రత్తపడు. "ఎర్త్ చేస్తే (అంటే తీగతో భూమికి కలిపితే) ఆవేశం భూమిలోకి పోతుంది" అని అలవాటుగా చెప్పేస్తాం. నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పాను. రుణావేశం ఉన్న గోళానికి ఆ మాట సరిపోతుంది: ఎక్కువైన ఎలక్ట్రాన్లు తీగ వెంట దిగిపోతాయి. ధనావేశం ఉన్న గోళం నుంచి మాత్రం దిగేదేమీ లేదు. లోహంలో ప్రోటాన్లు కదలవు కదా! భూమి నుంచే ఎలక్ట్రాన్లు పైకి వచ్చి లోటు పూడుస్తాయి. బోర్డు మీద బాణం గీస్తే అది ఎలక్ట్రాన్లదో, కరెంటుదో పక్కనే రాయి. రెండూ ఎదురు దిశలు.

గోళం మీద ఏమైనా మిగులుతుందా అని పిల్లలు అడుగుతారు. దూరదూరంగా ఉన్న రెండు గోళాలను తీగతో కలిపితే, పొటెన్షియల్ (ఆవేశాన్ని నెట్టే ఒత్తిడి లాంటిది) సమానమయ్యేదాకా ఆవేశం కదిలి, వ్యాసార్థాల నిష్పత్తిలో పంచుకుంటుంది. భూమి వ్యాసార్థం సుమారు 6,370 కిలోమీటర్లు, మన గోళానిది 10 సెంటీమీటర్లు అనుకో. గోళానికి మిగిలేది 6 కోట్లలో ఒక వంతు కూడా కాదు. ఈ లెక్క వాళ్ల చేతే చేయించు.

అసలు చిక్కు పక్కన ఇంకో ఆవేశం ఉన్నప్పుడే. స్వర్ణపత్ర విద్యుద్దర్శిని తీసుకో: పైన లోహపు పళ్లెం, కింద దానికి కలిపిన రెండు పల్చటి బంగారు రేకులు, రేకుల్లో ఆవేశం ఉంటే అవి విచ్చుకుంటాయి. ఎబొనైట్ (గట్టి రబ్బరు) కడ్డీని బాగా ఆరబెట్టి (చెమ్మ ఉంటే ఏదీ నిలవదు) ఉన్ని గుడ్డతో రుద్ది (దానికి రుణావేశం వస్తుంది), పై పళ్లేనికి దగ్గరగా పట్టుకో. రేకులు విచ్చుకుంటాయి. పళ్లేన్ని వేలితో తాకు; నీ ఒంటి ద్వారా అది ఎర్త్ అవుతుంది. రేకులు వాలిపోతాయి. "ఆవేశం పోయింది" అంటుంది తరగతంతా. అక్కడే ఆగు. పోయింది ఎలక్ట్రాన్లు మాత్రమే. కడ్డీ ఆకర్షణకు కట్టుబడిన ధనావేశం పళ్లెంలోనే ఉంది. ఎర్త్ చేయడం అంటే పొటెన్షియల్‌ను భూమితో సమానం చేయడమే గాని, ఆవేశాన్ని సున్నా చేయడం కాదు.

ముందు వేలు తియ్యి, తర్వాతే కడ్డీ. ఈ వరుస తప్పితే ఎలక్ట్రాన్లు వేలి ద్వారా తిరిగి వచ్చేస్తాయి, చూపించడానికి ఏమీ మిగలదు. సరిగ్గా చేస్తే, కడ్డీ తీసేయగానే రేకులు మళ్లీ విచ్చుకుంటాయి.

అది ధనావేశమేనని నమ్మించాలంటే అదే కడ్డీని మళ్లీ మెల్లగా దగ్గరికి తీసుకురా. రేకులు ముడుచుకుంటూ వస్తాయి. వేలితో తాకినప్పుడు కడ్డీ ఎక్కడ ఉందో, సరిగ్గా అక్కడికి రాగానే పూర్తిగా మూసుకుంటాయి. ఇంకా దగ్గరికి జరిపితే మళ్లీ తెరుచుకుంటాయి, అందుకే తొందరపడకు.