నయమైంది కదా, లిథియం ఆపేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. సంక్రాంతి సెలవుల్లో వారానికి పైగా రాత్రికి రెండు గంటలే పడుకున్నాడు, అయినా నీరసం లేదు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాడు. కంపెనీ పెడుతున్నానంటూ నా ఫోన్‌లోంచి ఎవరికో పాతిక వేలు పంపేశాడు. బైపోలార్ (హుషారు, దిగులు విడతలుగా హద్దు మీరే మానసిక జబ్బు) అని చెప్పి డాక్టరు గారు లిథియం 300 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి రెండు రాశారు. ఇప్పుడు మామూలుగానే ఉన్నాడు. చేతివేళ్లు కాస్త వణుకుతున్నాయి, దాహం ఎక్కువైంది. ‘నయమయ్యాక ఇంకా మందులెందుకు, పైగా ఎండాకాలంలో వేడి చేస్తాయి’ అంటున్నారు మా అత్తగారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆపకండమ్మా. మందు పడుతోంది కాబట్టే బాబు మామూలుగా ఉన్నాడు. లిథియం ఉన్నపళంగా మానేస్తే మేనియా (సెలవుల్లో మీరు చూసిన ఆ విపరీతమైన హుషారు) తిరగబెట్టొచ్చు, ఆత్మహత్య ముప్పూ పెరుగుతుంది. ఎప్పుడైనా మానాల్సి వచ్చినా డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తారు.

అత్తగారి మాటలో ఒక ముక్క నిజం లేకపోలేదు. మందు వేడి చేయదు గానీ, ఎండలు మందును ఒంట్లో పేరుకునేలా చేస్తాయి. చెమటతో ఉప్పు, నీరు పోయినప్పుడు కిడ్నీలు మిగిలిన ఉప్పును పట్టి ఉంచుకుంటాయి, దాంతోపాటే లిథియంనూ. మే నెల మధ్యాహ్నం క్రికెట్ వద్దు. నీళ్లు, మజ్జిగ తాగిస్తూ ఉండండి. పథ్యమని ఉప్పు ఒక్కసారిగా తగ్గించకండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తర్వాతి మాత్ర వేసేముందే డాక్టరుకు ఫోన్ చేయండి. తలనొప్పికి మెడికల్ షాపులో అడిగి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ తెచ్చి వేయొద్దు, అవి లిథియం స్థాయిని పెంచుతాయి. పారాసిటమాల్ ఫర్వాలేదు.

రక్తపరీక్షలో ఎక్కువమంది పొరపడేది టైము దగ్గర. రాత్రి 9కి మాత్రలు వేస్తే పొద్దున 9కి, అంటే 12 గంటలకు, రక్తం ఇవ్వాలి. పొద్దుటి మాత్ర ఆ తర్వాతే. టిఫిన్‌తో పాటు మాత్ర వేసుకుని ల్యాబుకు వెళ్తే రిపోర్టులో స్థాయి ఎక్కువగా కనబడుతుంది, అది చూసి అనవసరంగా డోసు తగ్గుతుంది. రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ వేసిన ట్యూబులో రక్తం తీసినా స్థాయి ఎక్కువగానే కనబడుతుంది, ఆ ట్యూబులోనే లిథియం ఉంటుంది మరి! ల్యాబువాళ్లకు ఒక మాట చెప్పండి. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. డోసు మార్చిన 5–7 రోజులకు ఒకసారి, నిలకడ వచ్చాక సుమారు 3 నెలలకోసారి చూస్తారు. థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) 6 నెలలకోసారి.

వేళ్ల సన్నని వణుకు, దాహం ఈ మందుతో మామూలే, అయినా ఈసారి వెళ్లినప్పుడు చెప్పండి. వణుకు ముదిరి గ్లాసు పట్టుకోలేకపోయినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఒక పూట మాత్ర మరిచిపోతే మర్నాడు రెండూ కలిపి వేయకండి.

మందుతో సమానంగా పట్టించుకోవాల్సింది నిద్ర. రాత్రి నిద్ర చెడితే చాలు, మేనియా మొదలయ్యే వీలుంది. రాత్రి 11 దాకా స్టడీ అవర్స్ పెట్టే కాలేజీ అయితే డాక్టరు ఉత్తరం చూపించి మినహాయింపు అడగండి. శివరాత్రి జాగారం మీరు చేయండి, వాడిని పడుకోనివ్వండి.

ప్రశ్న: మా పాపకు 9 ఏళ్లు. అడిగింది ఇవ్వకపోతే వస్తువులు విసిరేస్తుంది. ఇదీ బైపోలారేనా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: కాకపోవడానికే ఎక్కువ అవకాశం. బైపోలార్ విడతలుగా వస్తుంది: పిల్ల తీరు రోజుల తరబడి మారిపోతుంది, నిద్ర అవసరమే తగ్గిపోతుంది. అడిగింది దొరకగానే చల్లారే కోపం అలాంటిది కాదు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లేకపోవడం, కుదురు లేకపోవడం), ఆందోళన, చదువులో ఇబ్బంది ఉన్నాయేమో ముందు చూడాలి. నెల రోజులు నిద్రవేళలు, కోపం వచ్చిన సందర్భాలు రాసిపెట్టుకుని పిల్లల సైకియాట్రిస్టుకు చూపించండి. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉంటే దాచకుండా చెప్పండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చెప్పి వెక్కిరించేవాళ్లను పట్టించుకోకండి, అక్కడ ఓపీ ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయండి, ఖర్చు లేదు.