నిద్రపోయిన బోర్డు బ్యాటరీని ఎందుకు తినేస్తోంది?

ప్రశ్న: అక్కా, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. చిత్తూరులో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా మామిడితోటలో నేల తడి, ఎండ వేడి కొలిచి అరగంటకోసారి నాన్న ఫోన్‌కి పంపే పెట్టె ఒకటి తయారు చేశాను. లోపల లినక్స్ నడిచే చిన్న బోర్డు, సిమ్ వేసిన మోడెమ్, 2600 మిల్లీయాంప్-అవర్ల 18650 సెల్స్ (చార్జ్ చేసుకునే లిథియం సెల్స్) రెండు ప్యారలల్‌గా ఉన్నాయి. పని అయిపోగానే బోర్డును నిద్రపుచ్చుతున్నాను. సస్పెండ్ అయినట్టే మెసేజ్ వస్తోంది. అయినా నాలుగు రోజులకే సెల్స్ ఖాళీ. పైగా ఒక్కోసారి లేవనే లేవదు, తోటకు పోయి బటన్ నొక్కాలి. నెలరోజులు వస్తుందని నాన్నకు చెప్పేశాను. టెస్టింగ్ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పక్కా.

జవాబు: తమ్ముడూ, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కాగితం, పెన్ను తీసుకో. రెండు సెల్స్ కలిపి 5200 మిల్లీయాంప్-అవర్లు. నాలుగు రోజులంటే 96 గంటలు. భాగిస్తే సగటున 54 మిల్లీయాంప్‌లు పోతున్నాయి. బోర్డు ఎంతసేపు మేలుకుని ఉంటుందో నువ్వు రాయలేదు. మోడెమ్‌తో కలిపి 300 మిల్లీయాంప్‌లు లాగుతూ ఒక నిమిషం పని చేస్తుందనుకుందాం. ముప్పై నిమిషాల్లో ఒక నిమిషమే కాబట్టి ఆ పనికి సగటున పది. మరి మిగతా 44 ఎప్పుడు పోతున్నాయి? నిద్రలోనే. నీ బోర్డు కళ్లు మూసుకుని పడుకుంటోంది గానీ నిద్రపోవడం లేదు.

లినక్స్‌లో సిస్ (/sys) డైరెక్టరీలో పవర్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో మెమ్-స్లీప్ ఫైల్ తెరిచి చూడు. ఒకటి రెండు పేర్లు ఉంటాయి, ఒకదాని చుట్టూ బ్రాకెట్ ఉంటుంది. నువ్వు సస్పెండ్ చేసినప్పుడు బోర్డు పోయేది ఆ నిద్రలోకే. బ్రాకెట్ 'ఎస్2ఐడిల్' చుట్టూ ఉంటే అది పైపై నిద్ర. ప్రోగ్రాములు ఆగుతాయి, పరికరాలను నడిపే డ్రైవర్లు పడుకుంటాయి, ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటుంది, కానీ చిప్‌లో చాలా భాగాలకు కరెంటు అందుతూనే ఉంటుంది. 'డీప్' చుట్టూ ఉంటే మెమరీ తన డేటాను తాను కాపాడుకునే సెల్ఫ్ రిఫ్రెష్‌లోకి పోతుంది, మిగతావి చాలావరకు ఆగిపోతాయి. నీకు కావాల్సింది ఇది. 'డీప్' పేరే కనిపించకపోతే తప్పు నీ ప్రోగ్రామ్‌లో లేదు, కెర్నెల్‌కో (లినక్స్ గుండెకాయ) ఫర్మ్‌వేర్‌కో (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) ఆ దారి తెలియదు. బీగిల్‌బోన్ బ్లాక్ అనే లినక్స్ బోర్డులోని ఏఎం335ఎక్స్ చిప్ సంగతి చూడు. అందులో గాఢనిద్ర పనంతా లోపల ఉండే కార్టెక్స్-ఎం3 అనే చిన్న ప్రాసెసర్ చూసుకుంటుంది. దానికి విడిగా ఫర్మ్‌వేర్ ఫైల్ పెట్టాలి. అది లేకపోతే ఆ నిద్రా లేదు.

తర్వాత కొలత. మెసేజ్‌ను నమ్మొద్దు, సెల్ దగ్గర కరెంటు కొలువు. దుకాణంలో దొరికే మామూలు పసుపు మల్టీమీటర్‌ను మిల్లీయాంప్‌ల మీద పెట్టి సెల్‌కీ బోర్డుకీ మధ్య కలిపావంటే, నిద్రలో బాగానే చూపిస్తుంది, బోర్డు లేచి 300 లాగగానే లోపలి 200 మిల్లీయాంప్ ఫ్యూజ్ పోవచ్చు. మైక్రోయాంప్‌ల మీద పెడితే ఇంకో సమస్య. మీటర్ లోపలి రెసిస్టెన్స్ దగ్గరే వోల్టేజ్ పడిపోయి, లేవబోయిన బోర్డు రీసెట్ అవుతుంది. అప్పుడు లేని బగ్ కోసం నువ్వు వారం రోజులు వెతుక్కుంటావు.

నేను చేసేది చెబుతాను. తెల్లగా సబ్బుబిళ్ల ముక్కలా ఉండే సిమెంట్ రెసిస్టర్, 0.1 ఓమ్, ఐదు వాట్లది, నెగటివ్ తీగ మధ్యలో సోల్డర్ చేస్తాను. మీటర్‌ను 200 మిల్లీవోల్ట్‌ల మీద పెట్టి దాని రెండు కాళ్ల మధ్య వోల్టేజ్ చూస్తాను. ఒక మిల్లీవోల్ట్ అంటే పది మిల్లీయాంప్‌లు. నిద్రలో 4.5 చూపిస్తే 45 పోతున్నట్టు. లేచినప్పుడు 30 దాకా ఎగురుతుంది, అయినా బోర్డుకు తగ్గేది 0.03 వోల్టే కాబట్టి దానికేమీ కాదు. మీటర్ పిన్నులను రెసిస్టర్ కాళ్లకే ఆనించాలి, తీగ చివర్లకు కాదు. తీగకూ రెసిస్టెన్స్ ఉంటుంది, ఇంత చిన్న విలువ దగ్గర అది కూడా లెక్కలోకి వస్తుంది.

ఆ 4.5 కనిపిస్తుండగానే ఒక్కొక్కటీ ఊడదీస్తూ పో. ముందు మోడెమ్. కెర్నెల్ పడుకున్నంత మాత్రాన, సెల్ నుంచి నేరుగా కరెంటు తీసుకునే మోడెమ్ పడుకోదు. అది టవర్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. నా అనుమానం మొదట దాని మీదే. తర్వాత నేల తడి సెన్సార్. దానికి కరెంటు ఎప్పుడూ ఇస్తున్నావా, చదివేటప్పుడు మాత్రమే ఇస్తున్నావా? ఒక మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) పెట్టి చదివే క్షణానికే ఆన్ చేయొచ్చు. తర్వాత మాడ్యూళ్ల మీద ఎర్రగా వెలిగే ఎల్ఈడీలు. ఒక్కోటి ఒకటి రెండు మిల్లీయాంప్‌లు తింటుంది. నీ లెక్కలో అది చిన్నది కాదు, ఎందుకో కింద చెబుతాను. నేనైతే సోల్డరింగ్ ఐరన్ మొన తగిలించి ఆ ఎల్ఈడీని పక్కకు తోసేస్తాను.

బోర్డు మెసేజ్‌లను కంప్యూటర్‌లో చూపే సీరియల్ కేబుల్ విషయం కూడా గుర్తుంచుకో. నిద్రలో ఏం జరిగిందో చూడటానికి బూట్ లైన్‌లో (మొదలయ్యేటప్పుడు కెర్నెల్‌కు ఇచ్చే ఆప్షన్లలో) నో-కన్సోల్-సస్పెండ్ పెడతాం. మంచిదే, కానీ అది ఉన్నంతసేపూ సీరియల్ పోర్ట్ మేలుకునే ఉంటుంది. కరెంటు కొలిచే రోజు అది తీసేసి, కేబుల్ కూడా పీకేసి కొలువు.

ఇక లేవకపోవడం. ఇది ఇంకా మొండిది. కెర్నెల్‌లో దీనికోసమే పీఎం-టెస్ట్ అనే ఫైల్ ఉంది, అదీ ఆ పవర్ ఫోల్డర్‌లోనే. కనిపించకపోతే పీఎం డీబగ్ ఆప్షన్లు ఆన్ చేసి కెర్నెల్ మళ్లీ కట్టుకోవాలి. అందులో ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని మెట్లు ఉంటాయి. ఫ్రీజర్ అని రాసి సస్పెండ్ చేస్తే ప్రోగ్రాములను మాత్రం ఆపి, ఐదు సెకన్లు ఆగి, వెనక్కి వస్తుంది. డివైసెస్ అంటే డ్రైవర్లను కూడా పడుకోబెట్టి వెనక్కి వస్తుంది. ఒక్కో మెట్టూ దిగుతూ పో, ఒక్కో మెట్టు దగ్గరా పదిసార్లు చెయ్. ఎక్కడ చిక్కుకుంటే దోషం అక్కడ. డివైసెస్ దగ్గర చిక్కుకుంటే డ్రైవర్ మాడ్యూళ్లలో సగం తీసేసి చూడు. బాగుంటే తీసేసిన సగంలో దొంగ ఉన్నాడు. ఆ సగాన్ని మళ్లీ సగం చెయ్. అన్ని మెట్లూ సాఫీగా దిగి, అసలు నిద్ర నుంచి మాత్రమే లేవకపోతే, అప్పుడు ఫర్మ్‌వేర్‌ను, లేపే తీగను చూడాలి.

లేపే తీగ అన్నాను కదా. నీ బోర్డును లేపేది ఆర్‌టీసీ గడియారమే (బోర్డు పడుకున్నా టైమ్ లెక్కించే చిప్) అయ్యుంటుంది. డీఎస్3231 అనే ఆర్‌టీసీ మాడ్యూల్ వాడుతున్నావా? అందులో ఐదు పిన్నుల బుల్లి మాడ్యూల్ ఒకటి వస్తుంది. దాంట్లో అలారం మోగినప్పుడు సంకేతం ఇచ్చే పిన్నును బయటికి తీయనే తీయరు. టైమ్ చక్కగా చెబుతుంది, లేపడం మాత్రం దాని చేత కాదు. పెద్ద మాడ్యూల్‌లో ఎస్‌క్యూడబ్ల్యూ అని రాసి ఉన్న పిన్ అదే, దాన్ని బోర్డును లేపగలిగే పిన్నుకు కలపాలి. నీది ఒక్కోసారే లేవడం లేదు కాబట్టి తీగ ఉండే ఉంటుంది. జంపర్ వైర్ వదులుగా ఉందేమో చూసి, సోల్డర్ చేసెయ్.

పదిసార్లు లేచింది కదా అని మాత్రం తోటకు తీసుకుపోకు. నేను రేణిగుంట వైపు ఒక చోట టెస్టింగ్ బల్ల దగ్గర పని చేసేటప్పుడు పగలంతా ఒక బోర్డును నలభైసార్లు నిద్రపుచ్చి లేపాను. ఒక్క తప్పు లేదు. రాత్రికి లూప్‌లో పెట్టి ఇంటికి పోయాను. పొద్దున వచ్చి చూస్తే 212వ సారి దగ్గర ఆగిపోయి ఉంది. సీరియల్ లాగ్ ఆఖరి లైన్‌లో ఐ2సీ (సెన్సార్లతో మాట్లాడే రెండు తీగల దారి) టైమవుట్. కారణం దొరకడానికి మూడు రోజులు పట్టింది. బోర్డు లేస్తుండగా సరిగ్గా ఆ క్షణానే సెన్సార్ ఇంటరప్ట్ ('నన్ను చూడు' అనే సంకేతం) కొట్టింది. దాని డ్రైవర్ వెంటనే సెన్సార్‌ను చదవబోయింది, కానీ ఆ సెన్సార్‌తో మాట్లాడే ఐ2సీ కంట్రోలర్ ఇంకా లేవలేదు. ఇంటి యజమాని లేవకముందే చుట్టం వచ్చి తలుపు తట్టినట్టయింది. పడుకునేటప్పుడు ఆ ఇంటరప్ట్‌ను ఆపేసి, లేచాక తెరిస్తే సరిపోయింది. రెండే లైన్ల మార్పు. ఆ మూడు రోజుల టెన్షన్ మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకని ఆర్‌టీసీ-వేక్ కమాండ్‌తో ఇరవై సెకన్లు నిద్ర, పది సెకన్లు మెలకువ, 500 సార్లు తిరిగే లూప్ రాసుకో. నాలుగు గంటల పైచిలుకు పడుతుంది. నీ తోటలో రోజుకు 48 సార్లు లేస్తుంది కాబట్టి అది పది రోజుల పనితో సమానం. ప్రతిసారీ నంబర్‌ను ఫైల్‌లో రాసి సింక్ చెయ్ (వెంటనే స్టోరేజ్‌లో పడేలా), లేకపోతే ఆగిపోయినప్పుడు ఎన్నోసారో తెలియదు. లూప్ లోపల మోడెమ్‌ను నిజంగా ఆన్ చేసి మెసేజ్ పంపించు కూడా. 2జీ మోడెమ్ సిగ్నల్ పంపే క్షణంలో రెండు యాంప్‌ల దాకా లాగుతుంది. సన్నటి జంపర్ వైర్లతో, సగం దిగిన సెల్స్‌తో ఆ క్షణంలో వోల్టేజ్ కుంగి బోర్డు చచ్చిపోవచ్చు. దాన్నే మనం 'లేవలేదు' అనుకుంటాం. కాబట్టి నిండు సెల్స్‌తో ఒకసారి, సగం సెల్స్‌తో ఒకసారి చెయ్యి. వీలైతే మధ్యాహ్నం మేడ మీద పెట్టె మూసి ఎండలో ఇంకోసారి. వేడికి చిప్‌లో లీకేజ్ కరెంటు పెరుగుతుంది, మన ఎండలు తెలుసు కదా.

తోటలో పెట్టాక సస్పెండ్-స్టాట్స్ చూస్తూ ఉండు. ఎన్నిసార్లు నిద్రపోయింది, ఎన్నిసార్లు కుదరలేదు, ఏ డివైస్ అడ్డుపడింది, అన్నీ అందులో ఉంటాయి. రోజుకు 48 ఉండాల్సిన చోట 300 కనిపిస్తే ఎవరో ఊరికే లేపుతున్నట్టు. వేకప్-సోర్సెస్ జాబితాలో ఎవరి లెక్క పెరుగుతోందో చూడు. ఎటూ కట్టకుండా గాలిలో వదిలేసిన బటన్ పిన్ ఇలాంటి పనే చేస్తుంది.

ఇప్పుడు నాన్నకు ఇచ్చిన మాట. నెలకు 720 గంటలు. 5200ని దానితో భాగిస్తే సగటున ఏడు మిల్లీయాంప్‌లే నీకున్న బడ్జెట్. నిద్రను ఐదుకు తగ్గించినా, నిమిషం మెలకువకే పది పోతే మొత్తం పదిహేను, అంటే పద్నాలుగు రోజులు. మెలకువను ఇరవై సెకన్లకు తెస్తే దాని వాటా మూడున్నర లోపు. నిద్ర కూడా మూడున్నరకు దిగితేనే నెల. అందుకే ఒక్కో ఎల్ఈడీ గురించి అంత చెప్పాను. పైగా సెల్ మీద రాసినదంతా చేతికి రాదు. నాన్నతో ఇప్పటికి పదిహేను రోజులని చెప్పు, మూత మీద అరచేతి అంత సోలార్ ప్యానెల్ పెట్టడానికి కూడా చోటు చూసుకో.

ప్రశ్న: మేడం, నేను తిరుపతిలో ఎంటెక్ చేస్తున్నాను. బ్యాటరీ ఎక్కువ రావాలంటే సీపీయూ గవర్నర్‌ను (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సెట్టింగ్) పవర్‌సేవ్‌లో పెడితే చాలని మా సీనియర్ అన్నారు. నిజమేనా?

జవాబు: కొలవకుండా నమ్మొద్దమ్మా. పవర్‌సేవ్ అంటే ప్రాసెసర్‌ను అన్నిటికన్నా తక్కువ వేగం దగ్గర కట్టేయడం. కరెంటు తగ్గుతుంది, కానీ పని పూర్తయ్యే టైమ్ పెరుగుతుంది. అంతసేపూ మెమరీ, మోడెమ్, రెగ్యులేటర్లు మేలుకునే ఉంటాయి. ఉదాహరణకు ఒకే పనిని పూర్తి వేగంతో 600 మిల్లీయాంప్‌లు లాగి 20 సెకన్లలో ముగిస్తే 12,000 మిల్లీయాంప్-సెకన్లు. అదే పని తక్కువ వేగంతో 250 లాగి 60 సెకన్లు సాగితే 15,000. తక్కువ లాగినట్టు కనిపించినదే ఎక్కువ తినేసింది. త్వరగా ముగించి గాఢనిద్రలోకి పోవడమే చాలా బోర్డులకు లాభం. నీ బోర్డులో ఏది నెగ్గుతుందో తెలియాలంటే పవర్‌సేవ్, పర్ఫార్మెన్స్ (పూర్తి వేగం), షెడ్‌యుటిల్ (పనిని బట్టి వేగం) మూడింటితోనూ అదే పని చేయించి, పైన తమ్ముడికి చెప్పిన 0.1 ఓమ్ రెసిస్టర్ పెట్టి, కరెంటు ఇంటూ సెకన్లు లెక్కగట్టు. పని మధ్యలో డేటా కోసం ఎదురుచూపులు ఎక్కువైతే లెక్క మారిపోతుంది, కాబట్టి ఏదో బెంచ్‌మార్క్ కాకుండా నీ అసలు ప్రోగ్రామ్‌తోనే చెయ్యి.