ఉమ్మడి స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇస్తే పన్ను ఎప్పుడు కట్టాలి?

ప్రశ్న: మా నాన్నగారు 1998లో హైదరాబాద్‌లో కొన్న 1,500 గజాల స్థలం ఆయన తదనంతరం నాకూ, తమ్ముడికీ, అమెరికాలో ఉంటున్న చెల్లికీ సమానంగా వచ్చింది. ఒక బిల్డర్ అపార్ట్‌మెంట్ కట్టి సగం సగం పంచుకుందామంటున్నాడు. అందరం కలిసి ఎల్ఎల్‌పి (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) పెట్టి స్థలాన్ని అందులో చేరిస్తే, ఫ్లాట్లు అమ్ముడయ్యేదాకా క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి అమ్మిన లాభం మీద పన్ను) ఉండదని చెబుతున్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. భాగస్వామి తన స్థలాన్ని సంస్థలో పెట్టుబడిగా పెట్టడమే చట్టం దృష్టిలో బదిలీ. సెక్షన్ 45(3) ప్రకారం సంస్థ పుస్తకాల్లో ఆ స్థలానికి ఎంత విలువ రాస్తే అంతకు మీరు అమ్మినట్టే లెక్క. చేతికి రూపాయి రాకపోయినా పన్ను ఆ ఏడాదే పడుతుంది. పోనీ తక్కువ విలువ రాసుకుందామంటే, సంస్థకు ఆ స్థలం ఖర్చు కూడా అంత తక్కువే అవుతుంది. మీకు క్యాపిటల్ గెయిన్స్ కింద 12.5 శాతంతో పోయే లాభం మీద రేపు ఎల్ఎల్‌పి 30 శాతం కట్టాల్సి వస్తుంది. చివర్లో సంస్థను రద్దు చేసుకుని ఎవరి ఫ్లాట్లు వాళ్లు తీసుకున్నా, 2021లో తెచ్చిన 9బి సెక్షన్ కింద ఆ ఫ్లాట్లను మార్కెట్ ధరకు మీకు అమ్మినట్టుగా చూసి సంస్థ మీద పన్ను వేస్తారు. (ఇక్కడ చెబుతున్నవి 1961 ఆదాయపన్ను చట్టం సెక్షన్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టంలో నంబర్లు వేరు.)

మీకు నిజంగా వాయిదా ఇచ్చేది సెక్షన్ 45(5ఎ). 2017 ఫైనాన్స్ చట్టం తెచ్చిన ఈ నిబంధన వ్యక్తులకూ, హిందూ అవిభక్త కుటుంబాలకూ మాత్రమే వర్తిస్తుంది. స్థలం ఎల్ఎల్‌పి పేరు మీదికి వెళ్లిందంటే ఇక ఇది మీకు దక్కదు. కాబట్టి ముగ్గురూ విడివిడి యజమానులుగానే ఉండి, ఎవరి అవిభక్త వాటా ఎంతో, ఎవరికి ఏ ఫ్లాట్లో రాసుకుని డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మీ తరఫున వ్యవహరించే అధికారపత్రం) రిజిస్టర్ చేయించుకోండి. నోటరీ కాగితం పనికిరాదు. అప్పుడు పన్ను అగ్రిమెంట్ ఏడాదిలో కాకుండా, ప్రాజెక్టు పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో పడుతుంది. మన దగ్గర ఆచరణలో అది ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) తేదీ.

మీ ఒక్కరి లెక్క చూద్దాం. మీ వాటాకు 4 ఫ్లాట్లు, పైన తిరిగి ఇవ్వక్కర్లేని నగదు 20 లక్షలు అనుకోండి. ఓసీ రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువ ఫ్లాట్‌కి 60 లక్షలైతే, మీకు ముట్టింది 2.40 కోట్లు, నగదుతో కలిపి 2.60 కోట్లు. మీ 500 గజాల్లో బిల్డర్‌కి పోయేది 250 గజాలు. నాన్నగారు 2001కి ముందే కొన్నారు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఖర్చుగా తీసుకోవచ్చు, అయితే ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. గజం 2,000 అయితే ఖర్చు 5 లక్షలు, లాభం 2.55 కోట్లు. 12.5 శాతం చొప్పున 31.87 లక్షలు, సర్‌చార్జి, సెస్ కలిపితే 38 లక్షలు దాటుతుంది. పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకు తగ్గట్టు ఖర్చును పెంచి చూపడం) 20 శాతం ఎంచుకునే వీలు మీకూ తమ్ముడికీ ఉంది గానీ, ఇంత తక్కువ ఖర్చు మీద అది గిట్టదు.

ఈ 38 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారన్నదే అసలు సమస్య. ఒక ఫ్లాట్ అమ్మి కట్టాలనుకుంటే ఓసీ వచ్చాకే అమ్మండి. అప్పుడు ఆ ఫ్లాట్ ఖర్చు 60 లక్షలుగా లెక్కకు వస్తుంది. 80 లక్షలకు అమ్మితే పన్ను పడేది 20 లక్షల మీదే, 24 నెలల్లోపు అమ్మితే మీ శ్లాబు రేటులో. ఓసీకి ముందే వాటా బదిలీ చేస్తే 45(5ఎ) వర్తించదు, పన్ను ఆ బదిలీ ఏడాదికే వచ్చి పడుతుంది. కడుతుండగానే మంచి రేటు వస్తోందని యజమాని వాటా ఫ్లాట్లు అమ్మేయడం హైదరాబాద్‌లో మామూలు. దయచేసి ఆ తొందర వద్దు.

బిల్డర్ డ్రాఫ్టులో ఇంకొన్ని చూడాలి. అమ్మకాల డబ్బులో వాటా మాత్రమే ఇస్తానంటే ఈ సెక్షన్ వర్తించదు. మీకు ప్రాజెక్టులో స్థలమో కట్టడమో వాటాగా రావాలి, నగదు దానికి తోడుగానే ఉండాలి. రెండు బ్లాకులైతే మరీ జాగ్రత్త. ప్రాజెక్టులో కొంత భాగానికి సర్టిఫికెట్ వచ్చినా ఆ ఏడాదే పన్ను అని సెక్షన్‌లో ఉంది. మీ ఫ్లాట్లు రెండో బ్లాకులో ఉండి మొదటి బ్లాకుకు ఓసీ వస్తే, చేతిలో తాళాలు లేకుండానే పన్ను కట్టాల్సి రావచ్చు. మీ ఫ్లాట్లు మొదటి బ్లాకులోనే రాయించుకోండి.

నగదు ఇచ్చేటప్పుడు బిల్డర్ 194-ఐసీ కింద 10 శాతం టీడీఎస్ కోస్తాడు. మీ 20 లక్షల మీద 2 లక్షలన్నమాట. అది ఈ ఏడాదే మీ 26ఏఎస్‌లో (మీ పేరున జమైన పన్నుల పట్టికలో) కనిపిస్తుంది, ఆదాయం మాత్రం ఓసీ ఏడాదిది. రిటర్న్‌లో ఆ టీడీఎస్‌ను ముందుకు తీసుకెళ్లినట్టు ఏటా చూపకపోతే తర్వాత దాన్ని రాబట్టుకోవడం కష్టం.

మీ చెల్లికి కూడా 45(5ఎ) వర్తిస్తుంది. ఆమె ఎన్నారై అయితే 20 శాతం ఇండెక్సేషన్ ఎంపిక ఉండదు, టీడీఎస్ సెక్షన్ 195 కింద కోస్తారు. అమెరికా తన రెసిడెంట్ల ప్రపంచ ఆదాయం మీద పన్ను వేస్తుంది, మన వాయిదాతో దానికి నిమిత్తం లేదు. అక్కడ పన్ను ఒక ఏడాది, ఇక్కడ మరో ఏడాది పడితే, ఇక్కడ కట్టినదాన్ని అక్కడ తగ్గించుకోవడంలో చిక్కు వస్తుంది. అగ్రిమెంట్ మీద సంతకానికి ముందే అక్కడి సీపీఏని (మన సీఏ లాంటి అకౌంటెంట్‌ని) అడగమనండి. ఆమె మీకు జీపీఏ పంపేటట్టయితే ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాలి. ఆ కాగితం భారత్ చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించండి.